ఒక్క రాత్రిలో చదివించిన ఆర్థిక థ్రిల్లర్: డబ్బు ఎలా పోయిందో ఎవరికైనా అర్థమైందా?

రాత్రిదీపం

ఈ నెల చర్చకు పెట్టుకున్న నవల నిన్న రాత్రి తొమ్మిదింటికి చేతిలోకి తీసుకున్నాను. మూసేసరికి తెల్లవారింది. మధ్యలో ఒక్కసారి మంచినీళ్లకు లేచాను, అప్పుడూ పుస్తకం చేతిలోనే ఉంది. శుక్రవారం సాయంత్రం బ్యాంకు లెక్కల్లో ఒక తేడా కనిపించడం, సోమవారం ఉదయం మార్కెట్ తెరిచేలోపు కథానాయిక దాన్ని రుజువు చేయాల్సి రావడం, ఆ అరవై గంటల పరుగు... ఊపిరి తీసుకోనివ్వలేదు.

ఇక ఫిర్యాదు. పొద్దున మా చెల్లెలు "ఇంతకీ ఆ డబ్బు ఎలా పోయింది?" అని అడిగింది. చెబుదామని నోరు తెరిచి ఆగిపోయాను. ఎవరు ఎవరిని తరిమారో చెప్పగలను. ఏ తలుపు వెనుక ఎవరు నక్కారో చెప్పగలను. డబ్బు మాత్రం ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో రెండు వాక్యాల్లో చెప్పలేకపోయాను. ఆర్థిక థ్రిల్లర్ అని పేరు పెట్టి, ఆర్థికమే అర్థం కాకుండా పరుగెత్తించడం న్యాయమా?

ముగింపు గురించి కూడా మాట్లాడుకుందాం. ఇంకా పూర్తి చేయనివారు ఇక్కడితో ఆగండి.

మూడోపేజీ

తెల్లవార్లూ కూర్చోబెట్టిన పుస్తకం మీద ఫిర్యాదా? థ్రిల్లర్ చేయాల్సిన పని అదే కదా. నాకు మూడో పేజీ లోపల పట్టు దొరకకపోతే పుస్తకం పక్కన పెట్టేస్తాను. ఇది మొదటి పేరాలోనే పట్టేసింది.

నీలిసిరా

మూడోపేజీ గారూ, పట్టుకోవడం వేరు, పరుగెత్తించడం వేరు. ఈ నవలలో ఎన్ని అధ్యాయాలు ఫోను మోగడంతో ముగిశాయో లెక్కపెట్టారా? నేను పెట్టాను, పదకొండు. తలుపు తట్టడంతో ముగిసినవి ఆరు. మూడేసి పేజీల అధ్యాయాలు రాసి, ప్రతిదాని చివరా ఒక గంట కడితే ఏ కథైనా పరుగెత్తుతుంది. ఆ గంటలన్నీ తీసేస్తే ఏం మిగులుతుందన్నదే నా ప్రశ్న.

మూడోపేజీ

పదకొండు ఫోన్లు లెక్కపెట్టేంత శ్రద్ధగా చదివారంటే మిమ్మల్ని కూడా పట్టుకున్నట్టే!

చదువరి77

నాకు నచ్చనిది సహోద్యోగి ద్రోహం. కథానాయిక పక్క బల్ల దగ్గర కూర్చునేవాడు, సగం కథ వరకూ ఆమెకు ఫోనులో వివరాలు అందించినవాడు, 70వ అధ్యాయంలో ఉన్నట్టుండి, బ్యాంకు డబ్బుతో మార్కెట్లో కొని అమ్ముతూ మోసం చేసిన ప్రధాన ట్రేడర్ మనిషి అయిపోయాడు. ముందు ఒక్క సూచన కూడా లేదు. ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు ఉంది. పాఠకులను మోసం చేయడం, ఆశ్చర్యపరచడం ఒకటి కాదు.

రాత్రిదీపం

అవును, అక్కడ నేనూ పుస్తకం దించి గోడ వైపు చూస్తూ ఉండిపోయాను. అతన్ని నేను పూర్తిగా నమ్మాను.

ఆవర్జా

రాత్రిదీపం గారి ప్రశ్నకు వస్తాను. బ్యాంకులో ముప్పై ఏళ్లకు పైగా లెక్కల విభాగంలో పనిచేశాను. అందుకని నాకు ఈ నవలలో తరుముళ్ల కంటే 3వ అధ్యాయమే ఎక్కువ ఉత్కంఠ కలిగించింది. ఆమె ఒంటరిగా కూర్చుని రెండు పట్టికలు పక్కపక్కన పెట్టి చూసుకునే ఆ నాలుగు పేజీలు. తేడా దొరికిన క్షణం ఒళ్లు ఎలా చల్లబడుతుందో ఈ రచయితకు తెలుసు.

డబ్బు ఎలా పోయిందంటే: లెక్కల్లో జమలూ ఖర్చులూ రెండు వైపులా కలవాలి. రెండు వైపులా కూడి సరిచూసే అంకణా అనే పట్టిక వేసినప్పుడు కలవకపోతే, తప్పు దొరికేవరకూ ఆ తేడాను అనామతు ఖాతా అని ఒక దానిలో ఉంచుతాం. దొరికాక అక్కడి నుంచి తీసేస్తాం. అది ధర్మశాల లాంటిది. ఒక రాత్రి ఉండి వెళ్లిపోవాలి. అక్కడే కాపురం పెట్టిన అంకె ఏదైనా ఉంటే అనుమానించాలి. మార్కెట్ వ్యాపారంలో ఇలాంటిదే పొరపాట్ల ఖాతా అని ఇంకొకటి ఉంటుంది. కొనమంటే అమ్మేస్తే, పదికి బదులు వంద కొంటే, ఆ లావాదేవీ అందులో పడుతుంది. నవలలో ప్రధాన ట్రేడర్ తన నష్టాలన్నీ అందులోకి తోశాడు. పైకి మాత్రం తనకు లాభాలే వస్తున్నట్టు చూపించాడు. ఆ నష్టం కనబడకుండా ఉండటానికి జరగని లావాదేవీలు సృష్టించి, ఒకదానికొకటి కొట్టివేసుకున్నట్టు రాశాడు. డబ్బును ఎవరూ సంచిలో మోసుకుపోలేదు. ఓడిపోయిన పందెం కింద మార్కెట్లో అవతలివాళ్లకు వెళ్లిపోయింది. దాచింది డబ్బును కాదు, అది పోయిందన్న సంగతిని.

అనామతు ఖాతాను ఆంగ్లంలో సస్పెన్స్ ఖాతా అంటారు. థ్రిల్లర్ రాసేవారికి ఇంతకంటే మంచి పేరు ఎక్కడ దొరుకుతుంది చెప్పండి.

రాత్రిదీపం

ఆవర్జా గారూ, చెల్లెలికి ఇదే చదివి వినిపించాను. "ఇంతేనా? ఇది చెప్పడానికి నీకు రాత్రంతా చాలలేదా?" అంది. రచయిత కూడా ఇలా ఒక్క పేజీ రాసి ఉంటే బాగుండేది కదా!

పాతసంచిక

ఆవర్జా గారు చెప్పింది అచ్చంగా జరిగింది. బేరింగ్స్ బ్యాంకు, 1995. 1762లో మొదలైన బ్యాంకు. సింగపూర్‌లో నిక్ లీసన్ అనే ట్రేడర్ 88888 అనే సంఖ్య ఉన్న పొరపాట్ల ఖాతాలో నష్టాలు దాచుకుంటూ పోయాడు. ఆ ఏడాది జనవరి 17న జపాన్‌లో కోబే భూకంపం వచ్చింది. జపాన్ మార్కెట్ స్థిరంగా ఉంటుందని, తర్వాత పైకి లేస్తుందని అతను కట్టిన పందేలన్నీ తలకిందులయ్యాయి. మొత్తం నష్టం 82.7 కోట్ల పౌండ్లు. ఫిబ్రవరి నెలాఖరుకు బ్యాంకు కూలిపోయింది. దాన్ని డచ్ సంస్థ ఐఎన్‌జీ ఒక్క పౌండుకు కొనుక్కుంది.

అతనికి అది ఎలా సాధ్యమైందన్నదే ఇక్కడ ముఖ్యం. కొనడం అమ్మడం చేసేదీ అతనే, ఆ లావాదేవీల లెక్క సరిచూసే విభాగానికి పెద్దా అతనే. పరీక్ష రాసినవాడి చేతికే జవాబు పత్రాలు దిద్దమని ఇచ్చినట్టు.

నీలిసిరా

ఈ సంఘటనలు చదివితేనే నవలలోని ప్రతినాయకుడు నాకు ఎందుకు నచ్చలేదో స్పష్టమవుతోంది. అతను మొదటి పేజీ నుంచీ దుర్మార్గుడే. పడవ కొనాలి, దీవి కొనాలి, అందుకే మోసం. నిజంలో మనుషులు ఇలా మొదలుపెట్టరు. ఫ్రాన్స్‌లో సొసైటే జెనరాల్ బ్యాంకు వ్యవహారం చూడండి. 2008 జనవరిలో జెరోమ్ కెర్వియల్ అనే ట్రేడర్ చేసిన పందేల విలువ దాదాపు 5,000 కోట్ల యూరోలని తేలింది. అది ఆ బ్యాంకు మొత్తం మార్కెట్ విలువ కంటే ఎక్కువ. మూడు రోజుల్లో వాటిని అమ్ముకుంటే 490 కోట్ల యూరోల నష్టం మిగిలింది. ఆ డబ్బు అతను తన జేబులో వేసుకోలేదు. గొప్ప ట్రేడర్ అనిపించుకోవాలన్న తపన, మంచి బోనస్ మీద ఆశ, అంతే.

ఒక చిన్న తప్పు దాచి, దాన్ని కప్పడానికి ఇంకో తప్పు చేసి, రాత్రి నిద్ర పట్టక, పొద్దున నవ్వుతూ ఆఫీసుకు వెళ్లే మనిషి. అతని గురించి రాస్తే నేను వణికిపోతాను. దీవి కొనుక్కునేవాడి గురించి రాస్తే పేజీ తిప్పుతాను. తేడా అదే.

మూడోపేజీ

నీలిసిరా గారూ, పేజీ తిప్పారా లేదా? తిప్పారు. రచయితకు అది చాలు.

నీలిసిరా

పాఠకురాలిగా నాకు చాలదు. అలా తిప్పిన పేజీ మళ్లీ గుర్తుకు రాదు.

ఆవర్జా

కెర్వియల్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. అతను ట్రేడర్ కాకముందు అదే బ్యాంకులో లావాదేవీలు సరిచూసే విభాగంలో పనిచేశాడు. ఎవరు ఏ రోజు ఏది తనిఖీ చేస్తారో అతనికి తెలుసు. ఇంకొకటి, అతను సెలవులు దాదాపు తీసుకోలేదు. తీసుకుంటే అతని కుర్చీలో మరొకరు కూర్చుంటారు, తీగ లాగితే డొంకంతా కదులుతుంది. చాలా బ్యాంకుల్లో కీలకమైన పనుల్లో ఉన్నవారిని ఏడాదిలో కొన్నాళ్లు వరుసగా సెలవు మీద పంపాలని నియమం ఉండటానికి కారణం ఇదే.

ఇప్పుడు నవల 5వ అధ్యాయం తీయండి. ప్రధాన ట్రేడర్‌కు అభినందన సభ. "నాలుగేళ్లుగా ఒక్క రోజు కూడా సెలవు పెట్టని మనిషి" అని అందరూ చప్పట్లు కొడతారు. నేను ఆ వాక్యం దగ్గరే పెన్సిల్‌తో గీత గీశాను. రచయిత మీరు అనుకున్నంత తొందరపాటు మనిషి కాదు, నీలిసిరా గారూ.

నీలిసిరా

అది నా కంటపడలేదు. ఒప్పుకుంటున్నాను, చక్కటి సూచన.

గడియారంముల్లు

నేను బ్యాంకులు వాడే సాఫ్ట్‌వేర్ రాసే పనిలో ఉన్నాను. 88వ అధ్యాయం గురించి మాట్లాడకుండా ఉండలేకపోతున్నాను. సోమవారం తెల్లవారుజామున కథానాయిక ఒంటరిగా కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక పాస్‌వర్డ్ కొట్టి, ఒక్క మీట నొక్కి మొత్తం డబ్బును సురక్షితమైన ఖాతాకు మళ్లిస్తుంది. ఇలా జరగదు! ఏ బ్యాంకులోనైనా పెద్ద చెల్లింపును ఒకరు నమోదు చేయాలి, వేరొకరు ఆమోదించాలి. మొత్తం పెరిగే కొద్దీ ఆమోదించేవారి హోదా కూడా పెరుగుతుంది. లీసన్ కథ నేర్పిన పాఠం కూడా అదే కదా, రెండు చేతులూ ఒక్కరివే కాకూడదని. అదే పాఠం మీద నిలబడ్డ నవల చివరికి వచ్చేసరికి ఆ పాఠాన్నే పక్కన పడేసింది. నాకు చాలా కోపం వచ్చింది.

మూడోపేజీ

ఆ సన్నివేశంలో ఇద్దరు అధికారులు సంతకాలు పెట్టి, ముద్ర వేసి, రసీదు ఇస్తే ఎవరు చదువుతారండీ?

గడియారంముల్లు

నేను చదువుతాను. రెండో మనిషి కావాలి, సమయం లేదు, ఉన్న ఒకే ఒక్క మనిషిని నమ్మాలా వద్దా తెలియదు. అంతకంటే ఉత్కంఠ ఎక్కడుంది? నియమాలు ఉత్కంఠను చంపవు. తాళం ఉంటేనే కదా దొంగ తెలివి తెలిసేది.

చదువరి77

ఈ చర్చలో ఇంతవరకూ నాకు బాగా నచ్చిన మాట ఇది.

పాతసంచిక

గడియారంముల్లు గారి మాటకు మంచి ఉదాహరణ బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు దోపిడీ. 2016 ఫిబ్రవరి 4, గురువారం రాత్రి. న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకులో బంగ్లాదేశ్‌కు ఉన్న ఖాతా నుంచి డబ్బు పంపమని 35 ఆదేశాలు వెళ్లాయి. మొత్తం 95.1 కోట్ల డాలర్లు. ఆ ఆదేశాలు పంపింది బ్యాంకు వాళ్లు కాదు, వాళ్ల కంప్యూటర్లలో దూరిన దొంగలు.

రోజులు చూడండి. శుక్రవారం, శనివారం బంగ్లాదేశ్‌లో వారాంతపు సెలవు. లావాదేవీల సందేశాలు అచ్చు వేయాల్సిన ప్రింటర్ పనిచేయలేదు, మామూలు మొరాయింపే అనుకున్నారు. సంగతి తెలిసి న్యూయార్క్‌ను హెచ్చరించబోతే అక్కడ శని, ఆదివారాలు సెలవు. కొంత డబ్బు వెళ్లిన మనీలాలో దాన్ని సోమవారం ఆపమని చెప్పబోతే ఆ రోజు ఫిలిప్పీన్స్‌లో చైనా కొత్త సంవత్సరం సెలవు. దొంగలు ఎంచుకున్నది తాళం లేని తలుపును కాదు, కాపలా మనుషులు ఒకరికొకరు అందుబాటులో లేని నాలుగు రోజులను.

మనీలాకు చేరిన 8.1 కోట్ల డాలర్లలో ఎక్కువ భాగం కాసినోల గుండా మాయమైపోయింది. శ్రీలంకకు వెళ్లిన 2 కోట్లు మాత్రం వెనక్కి వచ్చాయి. ఎందుకో తెలుసా? ఫౌండేషన్ అనే మాటను దొంగలు ఫ్యాండేషన్ అని తప్పుగా రాశారు. మధ్యలో ఒక బ్యాంకు ఉద్యోగికి అనుమానం వచ్చి ఆపేశారు.

మూడోపేజీ

ఒక్క అక్షరానికి 2 కోట్ల డాలర్లా! ఇది విన్నాక మా తెలుగు మాస్టారు అక్షరదోషానికి ఒక మార్కు కోసేవారని పడ్డ బాధంతా పోయింది.

సరే, నిజం చెబుతున్నాను. ఇది చదువుతుంటే నవలలో కార్ల తరుముళ్ల కంటే ఎక్కువ ఉత్కంఠ కలిగింది. ఎవరూ ఎక్కడికీ పరుగెత్తలేదు. అందరూ ఫోను దగ్గర కూర్చున్నారు, అవతల ఎత్తేవారు లేరు.

నీలిసిరా

నేను ఉదయం నుంచి చెప్పాలనుకుంటున్నదీ ఇదేనండీ. డబ్బు కథలో వేగం కాళ్లది కాదు. గడువుది. ఈ నవల శుక్రవారం సాయంత్రం మొదలై సోమవారం ఉదయం ముగుస్తుంది. అంటే వారాంతం దాని గుండెకాయ. కానీ బ్యాంకు మూసి ఉండటం వల్ల వచ్చే చిక్కు ఒక్క అధ్యాయంలో కూడా లేదు. ఎవరికి ఫోను చేసినా ఎత్తుతారు. పదకొండు ఫోన్లూ ఎత్తారు!

ఆవర్జా

ఆ పదకొండు ఫోన్ల లెక్క ఇప్పుడు పనికొచ్చింది.

వెన్నెలవాకిలి

ఇప్పటివరకూ చదువుతూ ఊరుకున్నాను. నాది వేరే బాధ.

మా నాన్నగారు ఉద్యోగ విరమణ డబ్బు మొత్తం ఒక ఆర్థిక సంస్థలో పెట్టారు. దాని పేరు ఇక్కడ వద్దు. నెలనెలా వడ్డీ తప్పకుండా వచ్చేది. ఒక నెల ఆగింది. "కంప్యూటర్ మార్చుతున్నాం, పది రోజుల్లో వస్తుంది" అన్నారు. నాన్నగారు ఆ పది రోజులూ గడియారం చూసినట్టు క్యాలెండర్ చూశారు. పదకొండో రోజు వెళ్తే తలుపుకు తాళం, బయట మూడు వందల మంది. ఆయన ఇంటికి వచ్చి కుర్చీలో కూర్చుని, తెచ్చిన సంచి ఒళ్లో పెట్టుకుని, సాయంత్రం దాకా లేవలేదు. అమ్మ ఏమీ అడగలేదు.

ఈ నవలలో బ్యాంకు కూలిపోబోతోందని అంతా కంగారుపడతారు. ప్రధాన ట్రేడర్, డైరెక్టర్లు, పోలీసులు, కథానాయిక. ఆ బ్యాంకులో డబ్బు దాచుకున్న మనిషి ఒక్కరైనా, ఒక్క పేజీలోనైనా కనిపించారా? నేను వెతికాను. "లక్షలాది ఖాతాదారులు" అన్న మాట రెండుసార్లు ఉంది. అంతే. వేగం కోసం తీసేసింది మనుషులనేనని అనిపించింది. రచన బాగుంది, కాదనను. పూర్తి చేశాను కూడా. కానీ మూసేటప్పుడు నా మనసు బాగాలేదు.

రాత్రిదీపం

వెన్నెలవాకిలి గారూ, మీరు రాసింది చదివి కాసేపు ఇంకేమీ చదవలేకపోయాను. నాన్నగారు ఇప్పుడు ఎలా ఉన్నారు?

వెన్నెలవాకిలి

బాగున్నారండీ. కోర్టు ద్వారా కొంత వెనక్కి వచ్చింది, సగం కూడా కాదు. ఇప్పటికీ ఎవరైనా "తప్పకుండా వస్తుంది" అంటే ఆయన ముఖం మారిపోతుంది.

పాతసంచిక

"తప్పకుండా" అన్న మాట దగ్గరే అనుమానించాలని అమెరికాలో ఒకాయన ముందే చెప్పాడు. అక్కడ బెర్నార్డ్ మేడాఫ్ అనే పెట్టుబడుల వ్యాపారి తన ఖాతాదారులకు మార్కెట్ లేచినా పడినా ఇంచుమించు ఒకే రకం లాభం చూపించేవాడు. హ్యారీ మార్కొపొలోస్ అనే ఆర్థిక విశ్లేషకుడు ఆ అంకెలు చూసి, మార్కెట్లో ఇలా జరగడం అసాధ్యమని 2000 నుంచే అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థకు మళ్లీ మళ్లీ రాశాడు. పట్టించుకోలేదు. 2008 డిసెంబరులో మేడాఫ్ తానే బయటపడేవరకూ అది సాగింది. కాగితాల మీద 6,500 కోట్ల డాలర్లు ఉన్నట్టు రాసి ఉంది, అసలు లావాదేవీలే లేవు. కొత్తగా వచ్చినవారి డబ్బు తీసి పాతవారికి ఇవ్వడమే. మరుసటి ఏడాది 150 ఏళ్ల జైలు శిక్ష పడింది.

చదువరి77

అందుకే నవలలో ఇంకో పాత్రను వెనకేసుకురావాలనిపిస్తోంది. బ్యాంకు షేరు పడిపోతుందని పందెం కాసే ఆ పెట్టుబడిదారును రచయిత రాబందులా చూపించాడు. బ్యాంకులో ఏదో కుళ్లు ఉందని అందరికంటే ముందు కనిపెట్టింది ఆయనే కదా!

వెన్నెలవాకిలి

కనిపెట్టి ఏం చేశాడు? ఎవరికైనా చెప్పాడా? లాభం చేసుకున్నాడు. పదిమంది ఇల్లు కాలుతుంటే చలి కాచుకున్నట్టే.

చదువరి77

చెప్పాడండీ, 31వ అధ్యాయంలో పత్రికకు సమాచారం ఇచ్చింది ఆయన మనుషులే. షేరును అరువు తెచ్చుకుని ముందే అమ్మేసి, ధర పడ్డాక కొని తిరిగి ఇచ్చేయడం ఆయన వృత్తి. ఆ పందెం గెలవాలంటే లోపాన్ని బయటపెట్టక తప్పదు. స్వార్థం ఉంటుంది, కానీ ఆయన చెప్పింది నిజమా కాదా అన్నదే ముందు చూడాలి. జర్మనీలో వైర్‌కార్డ్ సంస్థ విషయంలో అలా చూడలేదు. లెక్కలు తప్పని పత్రికలో కథనాలు వస్తుంటే, 2019లో అక్కడి నియంత్రణ సంస్థ ఆ షేరు మీద అలాంటి పందేలనే రెండు నెలలు నిషేధించింది. 2020 జూన్‌లో ఖాతాల్లో ఉండాల్సిన 190 కోట్ల యూరోలు లేవని తేలింది. హెచ్చరించినవారిని అనుమానించారు, దాచినవారిని కాపాడారు.

వెన్నెలవాకిలి

ఈ ఉదాహరణ ఒప్పుకుంటాను. నవలలోని మనిషిని మాత్రం క్షమించలేను. ఆదివారం రాత్రి ఆయన అద్దం ముందు నిలబడి నవ్వుకునే పేజీ చదివి కూడా వెనకేసుకొస్తారా?

చదువరి77

ఆ నవ్వు రచయిత అంటించినదని నా ఫిర్యాదు. సరే, ఇక్కడ మనిద్దరికీ కుదరదు.

గడియారంముల్లు

సోమవారం ఉదయం మార్కెట్ ఐదు నిమిషాల్లో కుప్పకూలి, మళ్లీ లేచే దృశ్యాన్ని ఎవరో వేరేచోట అతిశయోక్తి అన్నారు. అది మాత్రం అతిశయోక్తి కాదు. 2010 మే 6 మధ్యాహ్నం అమెరికాలో పెద్ద సంస్థల షేర్ల ధరలను కొలిచే డౌ జోన్స్ సూచీ నిమిషాల వ్యవధిలో దాదాపు 1,000 పాయింట్ల దాకా పడి, అంతే త్వరగా చాలావరకూ కోలుకుంది. కొన్ని పెద్ద సంస్థల షేర్లు ఒక్క సెంటుకు చేతులు మారాయి. మనుషులు కాదు, తమంతట తామే షేర్లు కొని అమ్మే ప్రోగ్రాములు ఒకదాన్ని చూసి ఇంకొకటి బెదిరిపోయాయి. 2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే సంస్థ కొత్త ప్రోగ్రామును ఎనిమిది సర్వర్లలో ఒకదానికి ఎక్కించడం మరిచిపోయింది. అందులో మిగిలిన పాత కోడ్ మేల్కొని 45 నిమిషాల్లో దాదాపు 44 కోట్ల డాలర్లు పోగొట్టింది. నేను కొత్త ప్రోగ్రాము ఎక్కించే ప్రతి రాత్రీ ఆ ఎనిమిదో సర్వరే గుర్తొస్తుంది. ఇక్కడ రచయితకు పూర్తి మార్కులు.

అంకెలపిచ్చి

ఆలస్యంగా వచ్చాను, అంతా చదివాను. చదువరి77 గారు మొదట్లో అన్న మాట పట్టుకుని ఒక సంగతి. సహోద్యోగి ద్రోహానికి ముందు సూచన లేదన్నారు కదా. నాకు ఒక అచ్చుతప్పు కనబడింది, అది తప్పేనా అని అనుమానం.

3వ అధ్యాయంలో ఆమె కనిపెట్టిన తేడా 38,64,000. ఆమె చీటీ మీద రాసుకుని, రెండుసార్లు సరిచూసుకుంటుంది. 52వ అధ్యాయంలో సహోద్యోగి ఫోను చేసి, "ఆఫీసులోనే ఉన్నాను, తెర నా ఎదురుగానే ఉంది, 38,46,000" అంటాడు. 64 కాస్తా 46 అయింది. మీ ప్రతుల్లో కూడా ఇలాగే ఉందా?

రాత్రిదీపం

నా ప్రతిలో కూడా 38,46,000 అనే ఉంది.

మూడోపేజీ

నాదీ అంతే. అచ్చుతప్పే అయి ఉంటుంది. ఇంత వేగంగా రాసినప్పుడు ఒక అంకె జారదా?

ఆవర్జా

ఒక్క నిమిషం. తేడా ఎంత? 18,000. తొమ్మిదితో నిశ్శేషంగా పోతుంది, సరిగ్గా 2,000.

లెక్కల విభాగంలో చేరిన మొదటి వారంలో పెద్దవాళ్లు మాకు నేర్పేది ఇదే. అంకణాలో తేడా వస్తే ముందు తొమ్మిదితో భాగించు. శేషం లేకపోతే ఎవరో రెండు అంకెలు తారుమారు చేసి రాశారేమో చూడు. 64ను 46గా, 91ని 19గా. పక్కపక్కన ఉన్న ఏ రెండు అంకెలు తారుమారైనా తేడా తొమ్మిదితో భాగహారం అయి తీరుతుంది. ఇది చేతిరాతతో ఎక్కించేటప్పుడు జరిగే తప్పు. కంప్యూటర్ అంకెలను తిప్పి చూపించదు.

అంకెలపిచ్చి

అంటే అతను తెర చూసి చెప్పలేదు!

ఆవర్జా

అంతకుముందే ఎక్కడో చేత్తో రాసుకున్న కాగితం చూసి చెప్పాడు. ఆఫీసులో లేడు. ఆ అంకె అతనికి శుక్రవారానికి ముందే తెలుసు. నా పెన్సిల్ గీత 5వ అధ్యాయంలోనే ఆగిపోయింది. 52 దగ్గర నేను కూడా పరుగెత్తేశాను.

చదువరి77

ఇది మరీ మెచ్చుకోలు కాదా? రచయిత తలపెట్టినది కాకుండా, అచ్చు వేసినవారి పొరపాటును మనం తెలివిగా మార్చేస్తున్నామేమో. అది నిజంగా సూచనే అయితే ఆమెకు కూడా తెలియాలి. బ్యాంకు లెక్కల మనిషి కదా. 52వ అధ్యాయం తర్వాత ఆమె దాని గురించి ఒక్క మాట కూడా అనదు.

రాత్రిదీపం

అనదు. కానీ నేను ఇప్పుడే 53 తీసి చూశాను. చేతులు వణుకుతున్నాయి.

వానలో కారు ఆగి ఉంటుంది, గుర్తుందా? ఆమె ఫోను పెట్టేసి, అద్దం మీది ఆవిరిలో వేలితో 9 అని రాసి, అరచేత్తో చెరిపేస్తుంది. రాత్రి చదివినప్పుడు దాన్ని దాటేసుకుని వెళ్లిపోయాను. వాతావరణం కోసం రాసిన వాక్యం అనుకున్నాను.

చదువరి77

సరే. నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. ఆమెకు 53లోనే తెలుసు. మనకు 70లో తెలిసింది.

గడియారంముల్లు

అలా అయితే 54 నుంచి ఆమె అతనికి చెప్పిన ప్రతి చిరునామా, ప్రతి సమయం తప్పుడువి కావాలి. రైలు స్టేషన్‌కు అతని మనుషులు వచ్చి ఆమె లేక తిరిగి వెళ్లడం మనం అదృష్టం అనుకున్నాం.

నీలిసిరా

నేను గంటలు లెక్కపెట్టుకుంటూ అంకెలు వదిలేశాను. ఈ రచయిత గురించి ఉదయం రాసిన వాటిలో సగం మార్చుకోవాలి. ప్రతినాయకుడి గురించి మాత్రం మార్చుకోను, దీవి దీవే. కానీ ఒక ప్రశ్న: అతను ద్రోహి అని 53లోనే తెలిసినప్పుడు, 61లో లాకరు తాళంచెవి అతని చేతిలోనే ఎందుకు పెట్టింది?

వెన్నెలవాకిలి

నమ్మకం చావక పెట్టిందేమో. మనిషిని అంకెతో కొట్టేయడం అంత తేలిక కాదు.

గడియారంముల్లు

లేదా ఆమోదానికి రెండో మనిషి కావాలి కాబట్టి. 88లో ఒక్క మీట నొక్కింది ఆమె అయితే, అంతకుముందు నమోదు చేసింది ఎవరు? ఆగండి, 61 మళ్లీ చదివి వస్తాను.

రాత్రిదీపం

నేను 54 దగ్గర ఉన్నాను. చెల్లెలు పక్కన కూర్చుంది, చీటీ మీద అంకెలు రాస్తోంది.

మూడోపేజీ

నా ప్రతి పొద్దునే స్నేహితుడికి ఇచ్చేశాను. ఫోను చేస్తే ఎత్తడం లేదు. 61లో ఏముందో ఎవరైనా రాయండి, త్వరగా.